పెరటి గుమ్మం దాకా నడక

నాకు ఊపిరితిత్తుల జబ్బని తేల్చిన డాక్టరు, కాగితం మీంచి తల ఎత్తకుండానే, "సిగరెట్టు, బీడీ ఏమైనా అలవాటుందా అమ్మా?" అని అడిగాడు. ఒళ్ళు మండింది. మా చీపురుపల్లికి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తూ, నెత్తిన తట్టతో వీధులన్నీ చుట్టబెట్టేస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నిప్పే నోట్లో పెట్టుకున్నవాళ్ళు వీధి చివరికి వినపడేలా కేకేసి చేపలమ్ముతుంటే, వక్క కూడా నమలని నాకు ఈ జబ్బేమిటి? ఆ మాటే అడిగాను. ఆయన అప్పుడు తలెత్తి, ఏం పని చేస్తారని అడిగాడు. ఎండుమిరపకాయల వ్యాపారం అన్నాను. "అదీ సంగతి," అన్నాడు, దొంగ దొరికినట్టు.

మాది ముందు కొట్టు, వెనక ఇల్లు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ కొట్లో బస్తాలు గుమ్మరించడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తుంచడం నా పని. దుమ్ము లేస్తుంది, తుమ్ములొస్తాయి, దగ్గొస్తుంది. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని పని చేసుకుంటాం. మిరపకాయల కొట్లో దగ్గు ఒక రోగమని మాకెవరికీ తోచలేదు. మెట్లెక్కలేకపోవడం మొదలయ్యాక, స్నానం చేసొచ్చి చీర కట్టుకునే లోపల మధ్యలో కూర్చోవలసి వచ్చాక, అప్పుడు వెళ్ళాం డాక్టరు దగ్గరికి. ఇది తగ్గే జబ్బు కాదనీ, ముదరకుండా చూసుకోవడమొక్కటే మన చేతిలో ఉందనీ చెప్పి, పీల్చే మందు రాసి, వ్యాయామం చెయ్యమన్నాడు. ఊపిరాడటం లేదు మహాప్రభో అని వచ్చినదాన్ని వ్యాయామం చెయ్యమంటాడేమిటి ఈయన, అనుకున్నాను.

ఆ వ్యాయామం నేర్పే పిల్ల ఒకతె విజయనగరంలో ఉంది. నేనూ బావా వారం వారం పాసింజరు బండిలో ఆమె దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళం. బావ అంటే నా భర్త. మాది మేనరికం. మా నాన్న అక్క కొడుకునే చేసుకున్నాను. అందుకని మా అత్త నాకు అత్తగారు కాకముందు నుంచీ అత్తే. మాకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

ఆ పిల్ల నేర్పినవి పెద్ద విద్యలేమీ కావు. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, మెల్లిగా ఊదాలి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. చేతుల్లో చిన్న బరువులు పట్టుకుని ఎత్తాలి, దించాలి. నడవాలి. కష్టపడేటప్పుడు ఊపిరి వదలాలే గానీ బిగబట్టకూడదు. యాభై దాటాక నేను ఊపిరి తీయడం నేర్చుకోవడం బావకి మహా సరదాగా ఉండేది. వంటింట్లో నిలబడి ఊదుతుంటే, "ఏటే, గ్యాసు పొయ్యి కూడా ఊదాలేటే?" అనేవాడు. కుర్చీలోంచి లేచినప్పుడల్లా, "కూకోండమ్మా, కూకోండి, నన్ను సూసి లెగడాలెందుకు," అనేవాడు. నేను నవ్వితే ఆయాసం వచ్చేది, ఆయాసం వస్తే తిట్టేదాన్ని.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో బావకి జ్వరం తగిలింది. కొట్టు మూసేశాం. కషాయాలూ జ్వరం బిళ్ళలతో కొన్నాళ్ళు నెట్టాం. తర్వాత మాట మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆయాసమంటే ఏమిటో ఆ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు కాబట్టి నేనే ముందు కనిపెట్టాను. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే చిన్న మిషను నా దగ్గర ఉంది, వేలికి పెట్టుకునేది. దాన్ని ఆయన వేలికి పెట్టాను. నాకంటే తక్కువ చూపించింది.

అంబులెన్సు కొట్టు ముందుకే వచ్చింది. బావ తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళాడు, చేతిలో బట్టల సంచి. వీధిలో ప్రతి కిటికీలోనూ మొహాలున్నాయి, ఒక్కరూ గుమ్మం దాటలేదు. దాటొద్దనే కదా చెప్పారు, నేనేం తప్పు పట్టడం లేదు. బండి మెట్టు ఎత్తుగా ఉంది. అత్త ముందుకెళ్ళి బావ మోచెయ్యి పట్టుకుంది. తెల్ల సూటు తొడుక్కున్న మనిషి, "అమ్మా, ముట్టుకోకూడదు," అన్నాడు.

"నా కొడుకుని నాను ముట్టుకోకపోతే ఎవులు ముట్టుకుంటారు?" అని అత్త బావని ఎక్కించేసింది.

బావ లోపల కూర్చున్నాక నా వైపు చూసి, "ఒసే, ఎక్సర్‌సైజు మానకు. వచ్చీసి సూస్తాను," అన్నాడు. తలుపు వేసేశారు.

మా ఇద్దరికీ పరీక్షలో లేదనే వచ్చింది. అయినా ఇల్లు కదలకూడదన్నారు. కొట్టు మెట్లకి అడ్డంగా వెదురు కర్రలు కట్టి వెళ్ళారు. ఎదురింటివాళ్ళు పాలూ కూరగాయలూ ఆ కర్రల కింద పెట్టిపోయేవారు. ఆశా వర్కరు రోజూ వచ్చి కర్రల అవతల నిలబడి, మిషను వేలికి పెట్టి చూపించమనేది. అత్తకి తొంభై ఎనిమిది, ఎనభై దాటిన మనిషికి! నాకు తొంభై ఒకటి. ఆ అమ్మాయి కంగారు పడిపోయింది. తొంభై నాలుగు కంటే తగ్గితే బండి పిలవాలట. నా జబ్బుకి తొంభై ఒకటంటే పండగ అని ఇవతలి నుంచి అరిచి చెప్పాలి, అరిస్తే నాకు దగ్గొస్తుంది. అత్తే అరిచింది. చివరికి విజయనగరం పిల్ల ఫోనులో మాట్లాడి నచ్చజెప్పాక ఆశా వర్కరు ఊరుకుంది. ఎనభై ఎనిమిది కంటే తగ్గితే మాత్రం ఎవరి మాటా విననంది.

బావ ఆస్పత్రి నుంచి ఫోను చేస్తుండేవాడు. చేసిన కొద్దీ మాటలు చిన్నవవుతూ వచ్చాయి. "తిన్నావా", "అమ్మ తిన్నాదా", అంతే. ఆ తర్వాత ఫోను రాలేదు. ఒక ఉదయం నేను కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ ఉంటే తెలియని నెంబరు మోగింది. బావ పేరు, ఊరు చదివి, ఈయన మీ మనిషేనా అని అడిగారు. ఔనన్నాను. తెల్లవారుజామున పోయారని చెప్పారు. ఫోను పక్కన పెట్టాను. ఆ పూటకి చెయ్యవలసినవి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. చేసేశాను. ఊపిరి వదులుతూ లేచాను, పీలుస్తూ కూర్చున్నాను. ఎందుకు చేశానో నాకు ఇప్పటికీ తెలియదు. అయ్యాక పెరట్లోకి వెళ్ళాను.

అత్త గిన్నెలు తోముతోంది.

"అత్తా, బావ పోయాడు," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "ఎప్పుడు?"

"తెల్లారగట్ల."

ఇంకో గిన్నె తీసుకుంది. దాన్ని తోమింది, కడిగింది, బోర్లించింది. "నువ్వు మందు పీల్సేవా?" అని అడిగింది.

"పీల్చాను," అన్నాను.

దహనం ఆస్పత్రివాళ్ళే అక్కడ చేసేశారు. మా ఆడపడుచు, అంటే బావ అక్క, గజపతినగరంలో ఉంటుంది. ఆమె భర్త వెళ్ళి దూరంగా నిలబడి చూసి, ఫోనులో ఫొటో పంపించాడు. తెల్ల సూట్లు, పొగ, అటువైపు గోడ. అందులో బావ ఎక్కడున్నాడో తెలియలేదు. అత్త ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసి, నాకిచ్చేసింది.

మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు గుమ్మంలోకి వస్తూనే శోకాలు మొదలెడతారు. మెడలు పట్టుకుని, పోయినవాళ్ళు ఏం తినేవారో ఏం కట్టేవారో చెప్పి చెప్పి ఏడుస్తారు. మనకి ఏడుపు రాకపోయినా వాళ్ళు రప్పిస్తారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎదురింటావిడ ఒక్కతే తన గుమ్మంలో నిలబడి, మాస్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో, ఎంత పని జరిగిపోనాదే," అని రోడ్డుకి అటు నుంచి ఏడ్చింది. నేను ఇటు నుంచి తలూపాను.

ఏడవాలంటే ఊపిరి కావాలి. ఇది జబ్బులేనివాళ్ళకి తెలియదు. వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళని చూస్తే ఎంత గాలి ఖర్చు పెడుతున్నారు అనిపిస్తుంది నాకు. ఆ రోజు మధ్యాహ్నం బావ లుంగీ దండెం మీద కనపడి ఒక్క వెక్కు వచ్చింది. దాని వెనకే దగ్గు పట్టుకుంది, దగ్గు ఆగలేదు, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. అత్త పరిగెత్తుకొచ్చి వీపు నిమిరి, మందు నోటికి పెట్టి, నా గడ్డం పట్టుకుని, "ఇదిగో, ఏడవకు. నీకు సెప్తన్నాను. ఇప్పుడు కాదు," అంది. మరి ఇంకెప్పుడు అని నేను అడగలేదు. అడిగే ఓపిక లేదు, కోరికా లేదు. పన్ను తీయడానికి సూదేశాక చెంప ఉంటుంది చూడండి, మనదే, గిల్లినా తెలియదు. ఆ రోజు నుంచి ఒళ్ళంతా అలాగే ఉంది.

సాయంత్రం మా ఆడపడుచు ఫోను చేసింది. ఆచారాల విషయంలో మా ఇంటికి ఆమే సుప్రీంకోర్టు. భర్త పోయిన మనిషి పదోరోజు దాటే దాకా మూల కూర్చోవాలి. గదిలో ఒక మూల చాప వేసి కూర్చోబెడతారు, ఇల్లంతా తిరగకూడదు, ఒకరి కంట పడకూడదు. "మనుషులెవులూ రాకపోయినా పద్ధతి పద్ధతే కదమ్మా," అంది వాళ్ళమ్మతో. అత్త సరేనంది. మామగారు పోయినప్పుడు అత్త కూడా ఆ ఇంట్లో, ఆ మధ్య గదిలో, ఆ మూలే కూర్చుంది. పది రోజులు కాదు, నెలల తరబడి. చాప పరిచి, "కూకో," అంది నాతో. నేను కూర్చున్నాను. నిలబడమంటే నిలబడేదాన్ని.

మోకాళ్ళు ముడుచుకుని, గోడకి ఒరిగి, గంటలు గంటలు. ఒకరకంగా హాయిగానే ఉంది. ఎవరూ ఏమీ చెయ్యమని అడగరు. గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోట ఒక మరక ఉంది, దాన్ని చూసుకుంటూ కూర్చునేదాన్ని. అత్త కంచం పెట్టి తీసుకెళ్ళేది. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. తర్వాత గురగుర. వినపడుతూనే ఉంది గానీ, పక్కింట్లో ఎవరికో ఒంట్లో బాగులేనట్టు విన్నాను.

మూడోనాడు పొద్దున్న విజయనగరం పిల్ల ఫోను చేసింది. బావ సంగతి ఆమెకి అప్పటికే తెలుసు. నేను స్పీకరు నొక్కితే అత్త ఫోను నా ముందు పట్టుకుంది.

"ఆంటీ, వ్యాయామం చేస్తున్నారా?"

"లేదమ్మా. మూల కూర్చున్నాను."

ఆమెదీ మా జిల్లాయే, మూల అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. "మీ గొంతులో కఫం నాకు ఫోనులో వినిపిస్తోంది," అంది. "ఇలాగే ముడుచుకుని కూర్చుంటే అది అడుగున పేరుకుపోతుంది ఆంటీ. తర్వాత చెయ్యడానికేం ఉండదు. ప్లీజ్, లేవండి."

"సరేనమ్మా," అన్నాను. లేవలేదు.

ఆ తర్వాత ఆశా వర్కరు వచ్చింది. మూల నుంచే వేలికి పెట్టుకున్న మిషను ఎనభై ఏడు చూపించింది. అత్త దాన్ని తన కొంగుతో తుడిచి, నా వేలు తుడిచి మళ్ళీ పెట్టింది. ఎనభై ఏడే. అత్త గుమ్మంలోకెళ్ళి ఆ అంకె చెప్పగానే ఆశా వర్కరు కర్రల అవతల ఫోను తీసింది, బండి పిలవడానికి. రానీలే అనుకున్నాను. అదే బండి, అదే ఆస్పత్రి. భయం వెయ్యలేదు, బాధ వెయ్యలేదు. ఏ చీరలు సర్దుకోవాలా అని కూడా ఆలోచించలేదు.

"సాయంత్రం దాకా ఆగవే తల్లీ," అంది అత్త ఆ అమ్మాయితో. అంత మెత్తగా అత్త ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. "సాయంత్రం మళ్ళీ సూడు. అప్పటికీ ఇలాగే ఉంటే నీ ఇష్టం." ఆ అమ్మాయి కాసేపు తటపటాయించి ఫోను లోపల పెట్టుకుంది. ఇంతకంటే తగ్గినా, పెదాలు నల్లబడినా ఆ క్షణమే కబురు చెయ్యమని గట్టిగా చెప్పి వెళ్ళింది.

అత్త మధ్య గదిలోకి వచ్చి నా ముందు నిలబడింది. "లెగు," అంది.

"మూల కదత్తా."

"లెగమన్నానా? ఒకడ్ని నా సేత్తోనే బండెక్కించీసినాను. నిన్ను ఎక్కించను. లెగు ముందు."

"వదినేమంటుంది?"

"ఊరు ఊరంతా మూల కూకున్నాది. నువ్వొక్కదానివి లెగిస్తే ఏటైపోద్ది?" అని నా చంకల కింద చేతులు వేసి లేపింది. ఎనభై ఏళ్ళ చేతులు. నేను లేవకపోతే ఆమె నడుము విరిగేలా ఉందని లేచాను. బతుకుదామని మాత్రం కాదు. అబద్ధం ఎందుకు చెప్పడం?

ఆ పగలంతా ఇద్దరం అదే పని. విజయనగరం పిల్ల మళ్ళీ ఫోను చేసి చెప్పినట్టు, ముందుకి వంగి, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేలా బలంగా గాలి వదలాలి. కఫం కదిలేది. అత్త గిన్నె పట్టుకునేది. కాసేపు పడుకుని మళ్ళీ లేవడం, లేచి మళ్ళీ ఊదడం. నేను ఆపితే అత్త నా మొహం ముందు తన పెదాలు చుట్టి ఊదేది. పళ్ళు లేని నోటితో ఆమె ఊదుతుంటే తుంపర్లు నా మొహం మీద పడేవి. సాయంత్రానికి మిషను తొంభై దగ్గరికి వచ్చింది. ఆశా వర్కరు చూసుకుని వెళ్ళిపోయింది. అత్త కొట్టు గుమ్మంలో కూలబడి, ఆ రోజు మొదటిసారి మంచినీళ్ళు తాగింది.

మర్నాడు విజయనగరం పిల్ల, బరువులు కూడా మొదలుపెట్టమంది. అరకిలోవి చాలంది. అత్త సరాసరి మూసి ఉన్న కొట్లోకి వెళ్ళి, త్రాసు పక్కనున్న అరకిలో రాళ్ళు రెండూ పట్టుకొచ్చింది. నేను నోరు తెరిచాను. మైల ఇంట్లో తూకం రాళ్ళు ముట్టుకోవడమా! దసరాకి బొట్టు పెట్టి దండం పెట్టుకుంటాం వాటికి. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. నా పెళ్ళయిన కొత్తలో, ముట్టులో ఉండి నా చీర చెంగు త్రాసుకి తగిలిందని కొట్టు మొత్తం కడిగించిన మనిషి ఈ అత్త.

"అత్తా, రాళ్ళు!" అన్నాను.

"రాళ్ళేటి, ఇనుమే కదే. ఇనుముకేటి మైల?" అని పంపు కింద వాటి మిరప దుమ్ము కడిగి, తుడిచి నా చేతుల్లో పెట్టింది.

అలా రాళ్ళెత్తుతూ ఉన్నప్పుడే మా ఆడపడుచు వీడియో కాల్ చేసింది. అత్తకి ఆ ఫోనులో ఏది నొక్కితే ఏది వస్తుందో తెలియదు. చెవి దగ్గర పెట్టుకుంది, నా మొహం ఆమె చెవి వెనకాల నుంచి గజపతినగరం వెళ్ళిపోయింది. జుట్టు విరబోసుకుని, రెండు చేతుల్లో రెండు ఇనప రాళ్ళతో, పెదాలు చుట్టి ఊదుతూ నేను.

"అమ్మా! అదేటి సేస్తంది?" అని ఫోనులోంచి కేక.

"ఏటి సేస్తంది? ఊపిరి తీస్తంది," అంది అత్త. "నీకేటైనా అడ్డా?"

"తమ్ముడు పోయి నాల్రోజులు కానేదు, రాళ్ళెత్తుతందేటి? నలుగురూ ఇంటే ఏటనుకుంటారు?"

"ఆ నలుగురూ వచ్చి ఈ కర్రల కాడ నిలబడమను, నాను సెప్తాను," అని ఫోను తిరగేసి బల్ల మీద పెట్టేసింది. తిరగేస్తే కాల్ ఆగిపోతుందని ఆమె నమ్మకం. ఆడపడుచు గొంతు బల్లలోంచి చాలాసేపు వినపడుతూనే ఉంది. ఇంకొకప్పుడైతే కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. నవ్వవలసిన విషయమని తెలిసింది, నవ్వు రాలేదు. చేతులు ఎత్తాను, దించాను.

పదోరోజు చెయ్యవలసినవి అత్తే చేసింది. వేరేవాళ్ళు వచ్చి చెయ్యాలి, ఎవరూ రాలేరు. తెల్లారకముందే నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, "ఇయ్యి తీసీయ్," అంది. గాజులు తీశాను. మట్టెలు రాకపోతే సబ్బు రాసింది. ఆమె మొహంలో ఏమీ లేదు. నా మొహంలో ఏమున్నదో ఆమెకే తెలియాలి. అంతకుముందు రాళ్ళెత్తినప్పుడల్లా గాజులు మోచేతి దాకా జారి గలగలమనేవి. ఆ రోజు నుంచి చప్పుడు లేదు. నాకు తెలిసిన తేడా అదొక్కటే.

ఆ తర్వాత నడక మొదలైంది. కొట్లోకి వెళ్ళొద్దంది ఆ పిల్ల, అక్కడ దుమ్ము ఉంటుంది కాబట్టి. కొట్టు వెనక గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది, ఒక గది వెనక ఒక గది. ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి, ఆయాసం వస్తే ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. నేను మధ్య గది దాకా రావడమే గగనంగా ఉండేది. అక్కడ బల్ల మీద కూలబడి, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి, ఊది ఊది, ఊపిరి సర్దుకున్నాక వంటిల్లు దాటి పెరటి గుమ్మం చేరేదాన్ని.

నేను బయల్దేరగానే అత్త, "నువ్వు నడు, నాను మోటారేసి వస్తాను," అని పెరట్లోకి వెళ్ళిపోయేది. నీళ్ళ మోటారు మా ఇంట్లో బండి బయల్దేరినంత చప్పుడు చేస్తుంది. నేను చేరేసరికి మోటారు ఆగిపోయి ఉండేది. అత్త మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "వచ్చీసేవా? ఎలాగుంది?" అనేది. వేసవి కదా, మొహం కడుక్కుంటోంది అనుకున్నాను. నేను ఆమె గురించి అనుకున్నదంతా అంతే. ఒక్కొక్క గుమ్మం దాటడమే ఆ రోజుల్లో నాకున్న పని. మిగతావి కళ్ళ ముందు నుంచి పోతుండేవి.

మిషనులో అంకెలు మెల్లిగా పైకొచ్చాయి. తొంభై, ఒక్కోరోజు నా పాత తొంభై ఒకటి. మెట్లకి కట్టిన కర్రలు విప్పేశారు. అత్త ఆశా వర్కరుకి ఒక సంచిలో చింతపండు కట్టిచ్చింది. కర్రలు విప్పినా మనుషులు రావడానికి ఇంకా జంకుతూనే ఉన్నారు. మా దినచర్య మాత్రం మారలేదు. మందు, కుర్చీ, రాళ్ళు, నడక, మోటారు.

ఒక సాయంత్రం కొట్టు గుమ్మం దగ్గర బయల్దేరాను. మధ్య గదికి వచ్చాను. ఆయాసం రాలేదు. బల్ల వైపు చూశాను, కూర్చోవాలనిపించలేదు. అలాగే నడిచాను. వంటిల్లు కూడా ఆగకుండా దాటాను. ఇన్ని వారాల్లో ఎప్పుడూ చెయ్యని పని. అత్తకి చెప్పాలనుకుంటూ పెరటి గుమ్మం చేరాను. మోటారు ఇంకా ఆడుతోంది.

అత్త పంపు పక్క గట్టు మీద కూర్చుని ఉంది, వీపు నా వైపు. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. ఒళ్ళంతా ఊగిపోతోంది. ఒక చేత్తో గోడని కొడుతోంది, ఆగి ఆగి. మోటారు చప్పుడు తగ్గిన క్షణంలో, గుడ్డ వెనక నుంచి, "నాన్నా, నా నాన్నా," అనడం వినపడింది. కొడుకుని నాన్నా అనే పిలిచేది ఆమె, చిన్నప్పుడు. నేను ఈ ఇంటికి వచ్చాక ఒక్కసారి కూడా అలా పిలవగా వినలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. తను ఏడిస్తే నేను ఏడుస్తానని, నేను ఏడిస్తే నా ఊపిరి పోతుందని, రోజూ నా నడకంత సేపే ఏడుస్తోంది. నేను బల్ల మీద కూర్చుని లేచే లోపల ముగించేసి, మొహం కడిగేసుకుని, ఎలాగుంది అని అడుగుతోంది. కన్న కొడుకు పోతే ఆ తల్లికి దొరికింది ఆ కాస్త సమయమే. ఇవాళ నేను బల్ల దగ్గర ఆగకుండా వచ్చేసి అది కూడా లాక్కున్నాను.

బావ పోయిన దగ్గర్నుంచి మొద్దుబారి ఉన్న చోట నొప్పి పెట్టింది. గుమ్మం పట్టుకుని, పెదాలు చుట్టి, మెల్లిగా ఊదాను. దగ్గు రానివ్వలేదు. వెనక్కి తిరిగి, అడుగు చప్పుడు కాకుండా వంటిల్లు దాటి, మధ్య గదిలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. నాకు ఆయాసం లేదు. అయినా మోటారు ఆగే దాకా కూర్చున్నాను, ఆగాక ఇంకాస్త కూర్చున్నాను. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ పెరటి గుమ్మానికి వెళ్ళాను.

"వచ్చీసేవా? ఎలాగుంది?" అంది అత్త, మొహం తుడుచుకుంటూ.

"అలాగే ఉంది," అన్నాను.

మర్నాడు విజయనగరం పిల్ల ఫోను చేసి, అంకెలు విని సంబరపడిపోయింది. ఇక మధ్యలో కూర్చోకుండా ఒక్క బిగిన నడిచి చూడమంది, కాస్త వేగం కూడా పెంచమంది. సరేనని ఫోను పెట్టేశాను.

"ఏటంటాది ఆ పిల్ల?" అని వంటింట్లోంచి కేకేసింది అత్త.

"ఇంకా కొన్నాళ్ళు మెల్లిగానే నడవమంది. మధ్యలో కూర్చుని, బాగా ఊపిరి సర్దుకున్నాకే కదలమంది."

"సెప్పినట్టు సెయ్యి మరి. తొందరేటి మనకి," అంది అత్త. పొయ్యి కట్టేసి, మోటారెయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది.